ఇటలీ కొండల్లో పాత రాతి ఇల్లు: కొనే ముందు నుంచి పిల్లల చేతిలో పెట్టే దాకా ఏది ముందు, ఏది తర్వాత

టస్కనీ, ఉంబ్రియా వైపు ఒక పాత రాతి ఇల్లు తీసుకుని బాగు చేయించుకోవాలి, అందులో కూర్చుని రాసుకోవాలి, బొమ్మలు వేసుకోవాలి, తర్వాత పిల్లలకి ఇవ్వాలి అని చాలామంది అడుగుతున్నారు. మిలాన్‌లో ఉద్యోగం చేసేవాళ్ళు, జర్మనీలో ఉండేవాళ్ళు, హైదరాబాద్‌లోనే ఉండి రిటైర్ అయ్యాక వెళ్దాం అనుకునేవాళ్ళు, అందరిదీ ఒకటే ప్రశ్న, అసలు ఎక్కడ మొదలుపెట్టాలి అని. అందుకే మొత్తం వరసగా రాస్తున్నా.

ఒక్క విషయం మాత్రం ముందే చెప్పేస్తా. మీరు కొనేది ఇల్లే అయినా మీకు నచ్చింది మాత్రం ఆ కొండ, ఆ లోయ, ఆ ఆలివ్ చెట్లు. ఆ ఇల్లు కట్టినవాళ్ళు కూడా నీళ్ళు ఎటు పారతాయి, గాలి ఎటు కొడుతుంది, ఎండ ఎక్కడ పడుతుంది అని చూసుకునే కట్టారు. కాబట్టి మన పని కూడా ఆ వరసలోనే నడవాలి: ముందు నేల, తర్వాత కాగితాలు, తర్వాత నీళ్ళు, కప్పు, గోడలు, ఆఖరికి కిచెన్ టైల్స్. చాలామంది దీన్ని తిరగేసి కిచెన్‌తో మొదలుపెడతారు, అక్కడే డబ్బు రెండుసార్లు ఖర్చవుతుంది.

## 1. అసలు మీరు కొనొచ్చా, ముందు అది తేల్చుకోండి

యూరోపియన్ యూనియన్ పౌరసత్వం ఉంటే ఇబ్బంది లేదు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉండి ఇటలీలో చెల్లే రెసిడెన్స్ పర్మిట్ ఉన్నా మామూలుగా దారి ఉంటుంది. అదీ లేకపోతే మాత్రం పరస్పరత రూల్ అడ్డొస్తుంది, అంటే ఇటలీవాళ్ళకి మన దేశంలో ఏ హక్కు ఉందో మనకి అక్కడ అదే హక్కు. ఇల్లు చూడ్డానికి టికెట్ బుక్ చేసే ముందే ఒక నొటాయోని అడిగి ఇది తేల్చుకోండి. నొటాయో అంటే మన నోటరీ లాంటాయన కాదు, రిజిస్ట్రేషన్ మొత్తం ఆయన చేతుల మీదుగానే జరుగుతుంది.

ఇండియా నుంచి డబ్బు పంపేవాళ్ళకి ఎల్‌ఆర్‌ఎస్ కింద, అంటే విదేశాలకి డబ్బు పంపుకునే రిజర్వ్ బ్యాంక్ పథకం కింద, ఒక ఆర్థిక సంవత్సరంలో మనిషికి 2,50,000 డాలర్ల పరిమితి ఉంది. కొనడానికీ రిపేర్‌కీ కలిపి లెక్కేసుకోండి, పని మధ్యలో ఉండగా లిమిట్ అయిపోతే మేస్త్రి ఆగడు, వేరే సైట్‌కి వెళ్ళిపోతాడు.

ఇంకోటి, ఇల్లు కొంటే వీసా రాదు. ఇల్లు మీదే అయినా షెంగెన్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండగలరు.

చెక్‌లిస్ట్:
- రెసిడెన్స్ పర్మిట్ ఉందా, లేకపోతే నొటాయో ఏమన్నారు, అదీ రాతపూర్వకంగా
- కోడిచె ఫిస్కాలె తీసుకున్నారా, ఇది అక్కడి పాన్ నంబర్ లాంటిది, ఇది లేకుండా ఏ పనీ కదలదు
- కొనడానికి అయ్యే పన్ను లెక్కేశారా: ప్రైవేట్ వ్యక్తి దగ్గర కొంటే మొదటి ఇంటికి 2 శాతం, లేకపోతే 9 శాతం, చాలా కేసుల్లో ఇది కటాస్తో విలువ, అంటే అక్కడి ప్రభుత్వ భూమి, ఇళ్ళ రికార్డుల్లో ఉన్న విలువ మీదే వేస్తారు
- మొదటి ఇల్లు అని తక్కువ పన్ను కడితే 18 నెలల్లోపు ఆ ఊళ్ళో నివాసం నమోదు చేసుకోగలరా

## 2. నేలని చూడండి, అదీ వానలో

ఏజెంట్లు ఇల్లు మే నెలలోనో జూన్‌లోనో చూపిస్తారు, గసగసాల పూలు ఎర్రగా పూసి ఉంటాయి, ఎవరికైనా నచ్చుతుంది. మీరు మాత్రం నవంబర్‌లో ఇంకోసారి వెళ్ళండి, గట్టి వాన పడ్డ మర్నాడైతే ఇంకా మంచిది. ఇంటి వెనక, కొండ వైపు గోడ దగ్గర నిలబడి చూడండి. నీళ్ళు గోడకి తగిలి ఆగుతున్నాయా, పక్కకి పోతున్నాయా? మట్టి రోడ్డు మీద కారు ఎక్కుతుందా? ఇల్లు ఎంత బాగుందన్నదాని కన్నా ఈ రెండు ప్రశ్నలే ముఖ్యం.

తర్వాత పాత మ్యాపులు, పాత ఫోటోలు చూడండి. టస్కనీ అయితే 19వ శతాబ్దం మొదట్లో చేసిన భూ సర్వే పటాలు, 1954లో విమానం నుంచి తీసిన ఫోటోలు ఆ ప్రాంత ప్రభుత్వం ఆన్‌లైన్‌లోనే పెట్టింది. వాటిలో మీ నేల వెతకండి. ఇప్పుడు పొదలు కమ్మేసిన చోట అప్పుడు మెట్ల పొలాలు ఉండొచ్చు, పాత బావి ఉండొచ్చు, ఊళ్ళోవాళ్ళు నడిచే బాట ఉండొచ్చు. ఆ బాట ఇప్పటికీ హక్కుగా ఉందేమో కూడా కనుక్కోవాలి, లేకపోతే మీరు కంచె వేశాక గొడవ మొదలవుతుంది.

సియెనా వైపు వెళ్తే అక్కడి పాత మున్సిపల్ భవనంలో అంబ్రోజో లొరెంజెత్తి 1338-39లో వేసిన మంచి పాలన కుడ్యచిత్రం తప్పకుండా చూడండి, నేను దీన్ని టూరిస్ట్ సలహాగా చెప్పట్లేదు. పొలాల గట్లు, ద్రాక్ష వరసలు, ఇళ్ళు కొండ మీద ఎక్కడ కూర్చున్నాయి, చెట్లు ఎక్కడ ఆగిపోయాయి, అంతా అందులో ఉంది. 2004లో యునెస్కో గుర్తించిన వాల్ దోర్చా లోయలో నిలబడితే ఆ చిత్రంలోని లెక్క మీకే అర్థమవుతుంది. అక్కడ ఇల్లు ఎప్పుడూ ఒంటరిగా ఉండదు, దాని ముందు కళ్ళం, పక్కన బావి, వెనక గాలికి అడ్డంగా చెట్లు, అన్నీ కలిపితేనే ఇల్లు.

చెక్‌లిస్ట్:
- వాన మర్నాడు వెనక గోడ చూశారా
- చలికాలం మధ్యాహ్నం ఏ గదిలో ఎండ పడుతుంది
- తాగే నీళ్ళు ఎక్కడివి: ఊరి పైపా, బావా, ఊటా
- బాట హక్కులు, పక్కవాళ్ళ కరెంటు తీగలు, నీళ్ళ పైపులు మీ నేలలోంచి పోతున్నాయా
- కొండచరియలు జారే జోన్‌లో ఉందా, ఇది కొమూనె ఆఫీసులో, అంటే అక్కడి పంచాయతీ ఆఫీసులో అడగొచ్చు

## 3. కాగితాలు: తొందరపడి అడ్వాన్స్ ఇవ్వొద్దు

ఇక్కడ మీకు కావాల్సిన మనిషి జెయోమెత్రా. సర్వేయర్, డ్రాఫ్ట్స్‌మన్, పర్మిషన్ల పని, మూడూ తెలిసినవాడు. అమ్మేవాళ్ళ జెయోమెత్రా కాకుండా మీ సొంత మనిషిని పెట్టుకోండి.

ఆయన చేత చూపించాల్సింది ముఖ్యంగా ఒకటే. కటాస్తోలో ఉన్న ప్లాను, కొమూనెలో ఉన్న అనుమతి పొందిన ప్లాను, నిజంగా నిలబడి ఉన్న ఇల్లు, ఈ మూడూ కలుస్తున్నాయా లేదా. 1967 సెప్టెంబర్ 1కి ముందు కట్టిన పల్లె ఇళ్ళకి అసలు కట్టడం విషయంలో పాత అనుమతి కాగితం లేకపోయినా రిజిస్ట్రేషన్ జరిగిపోతుంది, కానీ ఆ తర్వాత ఎవరో పశువుల కొట్టాన్ని బెడ్‌రూమ్ చేసి ఉంటే దానికి అనుమతి ఉండాలి. లేకపోతే ఆ అక్రమ కట్టడం మీ మెడకి చుట్టుకుంటుంది, కాబట్టి అమ్మేవాళ్ళే వాళ్ళ ఖర్చుతో క్రమబద్ధం చేసి ఇవ్వాలని రాయించుకోండి.

ఇంటితో పాటు వ్యవసాయ భూమి ఉంటే ఇంకో మెలిక. పక్క పొలం సొంతంగా సాగు చేసుకునే రైతుకి మీకన్నా ముందు కొనే హక్కు ఉంటుంది. ఆయనకి పద్ధతిగా నోటీసు ఇచ్చి 30 రోజులు ఆగాలి. ఇవ్వకుండా కొంటే రిజిస్ట్రేషన్ నమోదయ్యాక కూడా ఏడాదిలోపు ఆయన అదే ధరకి మీ దగ్గర్నుంచి భూమి తీసుకోగలడు.

బయానా విషయం కూడా జాగ్రత్త. కొంప్రొమెస్సో అనే అగ్రిమెంట్ మీద సంతకం పెట్టి కపారా ఇస్తారు, మీరు వెనక్కి తగ్గితే అది పోతుంది, వాళ్ళు తగ్గితే రెట్టింపు ఇవ్వాలి. అందుకే పైన చెప్పిన చెకింగ్ అంతా సంతకానికి ముందే అయిపోవాలి.

## 4. కొండ అందం చట్టం కింద ఉంది, అనుమతులు ఇలా

ఇటలీ రాజ్యాంగం 9వ అధికరణమే దేశపు ప్రకృతి దృశ్యాన్ని కాపాడాలంటుంది. మీ నేల రక్షిత ప్రాంతంలో ఉంటే, 2004 నాటి వారసత్వ, ప్రకృతి దృశ్య కోడ్ ప్రకారం ఇంటి బయటి రూపం మార్చే చాలా పనులకి విడిగా అనుమతి కావాలి, సొప్రింతెందెన్సా అనే శాఖ అభిప్రాయం చెప్పాలి. ఆ అనుమతి 5 ఏళ్ళు చెల్లుతుంది. 2017లో వచ్చిన రూల్స్‌తో చిన్న పనులు కొన్నిటికి మినహాయింపు, కొన్నిటికి సింపుల్ దారి దొరికింది, మీ పని ఏ లిస్టులో ఉందో జెయోమెత్రా చెప్తాడు.

దీన్ని చూసి విసుక్కునేవాళ్ళు ఉంటారు, నా మటుకు నాకు ఇది చాలా మంచి చట్టం. ఎదురుకొండ మీద ఇంకొకడు నీలం రేకుల షెడ్డు వేయకుండా ఆపేది కూడా ఇదే కదా.

మామూలు బిల్డింగ్ అనుమతులు మూడు మెట్లు. గోడల బలం ముట్టుకోని లోపలి పనికి చీలా అనే నోటీసు ఇస్తే చాలు. కప్పు, దూలాలు, మోసే గోడల పనికి షీయా అనే ఇంకో రకం నోటీసు. కొత్తగా గదులు పెంచితే పూర్తి పర్మిట్. బలానికి సంబంధించిన పనికి స్ట్రక్చరల్ ఇంజినీర్ లెక్కలు కూడా ఫైల్ చేయాలి.

## 5. బడ్జెట్, మేస్త్రీలు

మొత్తం ఇంతవుతుంది అని నోటి మాటగా చెప్పే రేటు తీసుకోవద్దు. కొంపూతో మెత్రికో అడగండి, అంటే ఏ పని ఎన్ని చదరపు మీటర్లు, యూనిట్ ఎంత అని లైను లైనుగా రాసిన లెక్క. అదే కాగితం ముగ్గురు కాంట్రాక్టర్లకి ఇస్తేనే రేట్లు పోల్చగలరు.

- అనుకున్నదాని మీద కనీసం 20 శాతం పక్కన పెట్టుకోండి, పాత ఇంట్లో పెచ్చులు ఊడదీశాక గానీ లోపలేముందో తెలియదు
- డబ్బు పని దశల ప్రకారం ఇవ్వండి, ఆఖరి 10 శాతం అన్ని కాగితాలూ చేతికొచ్చాకే
- ఆగస్టులో ఏ పనీ జరగదు, 15వ తేదీ పండగ చుట్టూ మొత్తం మూసేస్తారు, షెడ్యూల్‌లో ఆ నెల కొట్టేయండి
- కప్పు పని మే నుంచి సెప్టెంబర్ లోపు, సున్నం పని మంచు గడ్డకట్టే రోజులు తప్పించి
- మీరు దూరంగా ఉంటే ప్రతి శుక్రవారం ఫోటోలు పంపాలని అగ్రిమెంట్‌లోనే రాయించండి

## 6. మొదట నీళ్ళు

గోడ చెమ్మకి మందు గోడలో ఉండదు, బయట ఉంటుంది. వరస ఇదీ:

మొదట చూరు నీళ్ళు పట్టే గట్టర్లు బాగు చేయించి నీటిని ఇంటికి దూరంగా వదలండి. తర్వాత కొండ వైపు గోడకి ఆనుకుని పేరుకున్న మట్టి తీయించండి, చాలా ఇళ్ళల్లో ఏళ్ళ తరబడి మట్టి జారి బయటి నేల లోపలి గచ్చు కన్నా ఎత్తుకి వచ్చేసి ఉంటుంది. ఆ తర్వాత గోడకి కాస్త ఎడంగా కాలవ తవ్వి, జియోటెక్స్‌టైల్ (నీళ్ళు పోనిచ్చి మట్టిని ఆపే గుడ్డ) పరిచి, చిల్లుల పైపు వేసి, కంకర నింపాలి. వాలు నూటికి ఒకటైనా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ కాలవ పునాది అడుగు కన్నా లోతుకి పోకూడదు, పాత రాతి ఇళ్ళకి పునాది లోతు చాలా తక్కువ, పక్కన లోతుగా తవ్వితే గోడ కూర్చుంటుంది.

ఇదంతా అయ్యాక ఒక చలికాలం వదిలేయండి. గోడ ఎంత ఆరిందో చూసి అప్పుడు ప్లాస్టరింగ్ సంగతి చూడొచ్చు.

## 7. కప్పు: బరువు పెంచొద్దు

మన కూన పెంకుల్లాంటివే అక్కడ కొప్పీ అంటారు, కింద చెస్ట్‌నట్ దూలాలు, వాసాలు, వాటి మీద సన్న ఇటుక పలకలు. పెంకులు దింపేటప్పుడు బాగున్నవన్నీ విడిగా పేర్చి పెట్టమనండి. కొత్తవి కొనాల్సి వస్తే కొత్తవి కింది వరసలో, పాతవి పైన కనపడేలా వేయించండి, నాచు పట్టిన ఆ రంగు కొత్త పెంకుకి రాదు.

ఒకప్పుడు పాత చెక్క కప్పు తీసేసి కాంక్రీటు శ్లాబు, గోడ మీద బరువైన కాంక్రీటు బెల్టు వేసేవాళ్ళు, బలం వస్తుందని. 1997లో ఉంబ్రియా, మార్కె ప్రాంతాల్లో భూకంపం వచ్చినప్పుడు ఇలా చేసిన ఇళ్ళల్లో చాలావాటికి గట్టి దెబ్బ తగిలింది, పైన బరువు కదిలింది, కింద వదులుగా పేర్చిన రాయి తట్టుకోలేకపోయింది. అందుకే ఇప్పుడు మంచి ఇంజినీర్లు తేలికైన చెక్క కప్పు, గోడ నుంచి గోడకి లాగి కట్టే ఇనప కడ్డీలు, గోడ పైవరసలో పల్చటి స్టీలు లేదా ఇటుక బెల్టు చెప్తారు. ఆ ఊళ్ళల్లో పాత గోడల బయట ఇనప బిళ్ళలు కనపడతాయి చూడండి, అవి ఆ కడ్డీల చివర్లే.

మీ ఊరు ఏ భూకంప జోన్‌లో ఉందో చూసుకోండి, 1 నుంచి 4 వరకు ఉంటాయి, 1 అంటే ఎక్కువ ప్రమాదం.

## 8. గోడలు: సున్నమే, సిమెంట్ వద్దు

ఈ ఒక్క సెక్షన్ అయినా పూర్తిగా చదవండి.

పాత రాతి గోడ అర మీటరు పైనే మందం ఉంటుంది, దానికి కింద నుంచి కొంత చెమ్మ ఎప్పుడూ ఎక్కుతూనే ఉంటుంది. సున్నం గార అయితే ఆ చెమ్మ సందుల్లోంచి బయటికి ఆవిరైపోతుంది. సిమెంట్ పూస్తే దారి మూసుకుపోయి నీరు రాయిలోకి వెళ్తుంది, చలికి గడ్డకట్టి రాయి పైపొర పగిలిపోతుంది, లోపల ఉప్పు తెల్లగా పేరి ప్లాస్టర్ పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. మన ఊళ్ళల్లో గానుగలో తిప్పిన డంగు సున్నంతో కట్టిన ఇళ్ళు చూసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు, ఇసుక, సున్నం, ఓపిక, ఇక్కడా అవే.

దరజుల పని, అంటే రాళ్ళ మధ్య సందుల్లో గార నింపే పని, చేసే పద్ధతి:

1. పాత సందుని చేత్తో, ఉలితో గీకండి, సందు వెడల్పుకి రెండింతల లోతు వరకు. గ్రైండర్ వాడనివ్వొద్దు, రాయి అంచులు తెగిపోతాయి.
2. బ్రష్‌తో దుమ్ము తీసి నీళ్ళు కొట్టండి. రాయి తడిగా ఉండాలి, నీళ్ళు కారుతూ ఉండకూడదు.
3. ఒక పాలు సహజ హైడ్రాలిక్ సున్నం (నీళ్ళు తగిలితే గట్టిపడే రకం), సుమారు మూడు పాళ్ళు కడిగిన ఇసుక. ఇసుక మీ ఊరి దగ్గర దొరికేదే తీసుకోండి, గోడ రంగు దాని వల్లే వస్తుంది.
4. గార ముద్దగా, గట్టిగా ఉండాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, చెయ్యి పెద్దగా అంటకూడదు. సన్న తాపీతో లోపలికంటా నొక్కి నింపండి, పెద్ద సందుల్లో చిన్న రాతి ముక్కలు దూర్చండి.
5. కాస్త బిగిశాక, వేలితో నొక్కితే గుంట పడి గార అంటుకోని దశలో, గట్టి బ్రష్‌తో తట్టండి. అప్పుడు ఇసుక రేణువులు పైకి తేలి గోడ పాతదిలా కనపడుతుంది.
6. తడి గోనెపట్టా కప్పి కొన్ని రోజులు తడుపుతూ ఉండండి. 5 డిగ్రీల కింద చలి ఉంటే ఈ పని అసలు మొదలుపెట్టొద్దు.

లోపలి గోడకి ప్లాస్టిక్ పెయింట్ కూడా వద్దు, సున్నం వెల్లే, పల్చగా మూడు నాలుగు పూతలు.

లోపల కరెంటు, ప్లంబింగ్, హీటింగ్ గురించి ఎక్కువ రాయను, అవి ఎక్కడైనా ఒకటే. ఒక్క సలహా: పైపులు, వైర్ల కోసం రాతి గోడలు తొలవకుండా గచ్చు కిందనుంచి తీసుకెళ్ళండి. గచ్చు ఎలాగూ తవ్వి కింద గాలి ఆడేలా మళ్ళీ వేయాల్సిందే.

## 9. చుట్టూ నేల

సిమెంటూ మట్టీ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన మెట్ల గోడలు మీ నేలలో ఉంటే వాటికి మొదటి ఏడాదే డబ్బు కేటాయించండి. ఈ విద్యని 2018లో ఇటలీతో పాటు ఇంకో ఏడు దేశాల పేరు మీద యునెస్కో గుర్తించింది. కూలిన చోట కట్టే పద్ధతి: కూలినదంతా తీసి రాళ్ళని సైజు వారీగా పేర్చండి, పెద్దవి అడుగున, ప్రతి రాయీ కింద రెండు రాళ్ళ మీద కూర్చోవాలి, రాయి పొడవు కొండ లోపలికి పోవాలి, గోడ కొద్దిగా కొండ వైపు వాలాలి, వెనక చిన్న రాళ్ళు నింపాలి. ఆ చిన్న రాళ్ళ పొరే నీటిని కిందికి దింపుతుంది, అది లేకపోతే ఒక్క చలికాలంలో గోడ ఉబ్బుతుంది.

ఆలివ్ చెట్లు మోడుగా కనపడ్డా కొట్టేయొద్దు. 1985 జనవరి చలికి టస్కనీలో లెక్కలేనన్ని చెట్లు మాడిపోయి మళ్ళీ మొదలు నుంచే చిగురించాయి, ఒకే వేరు మీద మూడు నాలుగు కాండాలు కనపడేవి చాలావరకు అవే. కత్తిరింపు ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ లోపు, కాయ కోత అక్టోబర్, నవంబర్. కోసిన కాయ 24 గంటల్లో గానుగకి చేరాలి.

కంచె లేని నేలలోకి వేటగాళ్ళు రావొచ్చు, చట్టమే ఒప్పుకుంటుంది. సీజన్ సెప్టెంబర్ మూడో ఆదివారం నుంచి జనవరి 31 వరకు, ఆ నెలల్లో పిల్లల్ని ఒంటరిగా అడవి వైపు పంపకండి.

## 10. తరచూ జరిగేవి, సరిచేసే దారి

సిమెంట్ పూసేసిన గోడ. ఒక చదరపు మీటరు చేత్తో ఊడదీసి చూడండి, రాయి దెబ్బతినకుండా వస్తే మొత్తం తీయించండి. రాయితో పాటు వస్తుంటే ఆపేసి, అదే వదులయ్యేదాకా ఆగండి.

దూలాలకి ఇసుక కొట్టించడం. నునుపు పోయి పీచు లేస్తుంది. బ్రష్, సబ్బునీళ్ళు, తర్వాత లిన్‌సీడ్ ఆయిల్ చాలు.

లాన్ వేయడం. జూలైలో బావి ఎండిపోతుంది. లావెండర్, రోజ్‌మేరీ, సేజ్ పెట్టండి, మొదటి రెండు వేసవులు తడిపితే చాలు.

దారి పొడుగునా సైప్రస్ వరస. వాల్ దోర్చాలో ఫోటోలకి ఎక్కిన ఆ వంకర్ల సైప్రస్ దారి, లా ఫోచె అనే ఎస్టేట్ దగ్గరది, ఎక్కడ పెట్టాలో తెలిసి పెట్టింది. మీ ఇంటి ముందు రెండు చెట్లు చాలు, వరస పెడితే లోయ కనపడదు.

రాత్రంతా ఫ్లడ్ లైట్లు. తీసేసి గుమ్మం దగ్గర కిందికి పడే లైటు ఒక్కటి ఉంచండి.

## 11. మీ పని మిగలాలంటే

ఇల్లు పిల్లలకి ఇస్తాం సరే, కానీ దాని వెనక ఉన్న ఆలోచన ఇవ్వకపోతే వాళ్ళు దాన్ని అమ్ముకోవడమో పాడు చేసుకోవడమో చేస్తారు, అది వాళ్ళ తప్పు కూడా కాదు. కాబట్టి ఇది కూడా పనిలో భాగంగానే, మొదటి రోజు నుంచే చేయాలి.

- ఇంటి పుస్తకం ఒకటి పెట్టండి. ప్లాస్టర్ వేసే ముందు ప్రతి గోడ, ప్రతి గచ్చు ఫోటో, పక్కన టేపు పెట్టి కొలత కనపడేలా. ఇసుక ఎక్కడిది, సున్నం పాళ్ళెంత, ఏ గోడ ఏ నెలలో చేశారు, అన్నీ రాయండి.
- పాత గుర్తులు చెరపొద్దు. రొట్టెల పొయ్యి, పశువుల్ని కట్టిన ఇనప రింగు, గోడ మీద బొగ్గుతో వేసిన లెక్కల గీతలు, ఇవన్నీ మీ కన్నా ముందున్నవాళ్ళవి.
- ఊళ్ళో పెద్దవాళ్ళ చేత పొలాల పేర్లు, ఊటల పేర్లు చెప్పించి ఫోన్‌లో రికార్డ్ చేయండి, మ్యాపు మీద గుర్తు పెట్టండి.
- రాసుకునే గది, బొమ్మల గది ఉత్తరం కిటికీ ఉన్న చోట పెట్టుకోండి, వెలుతురు రోజంతా మారకుండా ఉంటుంది. కాగితాలు, కాన్వాసులు బయటి గోడకి ఆనించొద్దు, తేమ 50 శాతం అటూ ఇటూ ఉండేలా చూడండి.
- మీ రాతలు, బొమ్మలు, ఇంట్లో తాతల నాటి తెలుగు డైరీలు, ఉత్తరాలు ఏవైనా ఉంటే అవీ స్కాన్ చేసి మూడు కాపీలు ఉంచండి, ఒకటి వేరే ఊళ్ళో.

ఇక విల్లు. ఇటలీ చట్టంలో భార్యాభర్తలకి, పిల్లలకి తప్పనిసరి వాటా ఉంటుంది, మొత్తం మీ ఇష్టం వచ్చినట్టు రాయలేరు. కానీ 2015 ఆగస్టు 17 నుంచి అమల్లో ఉన్న యూరోపియన్ వారసత్వ నిబంధన ప్రకారం మీ పౌరసత్వం ఉన్న దేశపు చట్టం వర్తించాలని విల్లులో కోరుకోవచ్చు. మీకు ఏది మేలో నొటాయోతో కూర్చుని మాట్లాడండి. పూర్తిగా చేత్తో రాసి, తేదీ వేసి, సంతకం పెట్టిన విల్లు అక్కడ చెల్లుతుంది, అయినా నొటాయో దగ్గర దాచడమే నయం.

ఇల్లు వేరు, మీ రచనల మీద, బొమ్మల మీద హక్కులు వేరు. కాపీరైట్ ఇటలీలో రచయిత పోయాక 70 ఏళ్ళు, ఇండియాలో 60 ఏళ్ళు. ఇల్లు ఒకరికి రాసి, హక్కుల సంగతి రాయకపోతే మీ పుస్తకం మళ్ళీ వేయాలన్నా అందరి సంతకాలూ కావాలి. కాబట్టి హక్కులు ఎవరికో, ఎవరు చూసుకోవాలో విడిగా ఒక పేరా రాయండి. ఇంటి పుస్తకం ఒక కాపీ, కప్పు డ్రాయింగులు, కటాస్తోలో కొత్త ప్లాను ఎక్కించిన రసీదు, నివాసయోగ్యత సర్టిఫికెట్, ఇవన్నీ ఆ విల్లుతో పాటు ఒకే ఫైల్‌లో పెట్టి, ఆ ఫైల్ ఎక్కడుందో పిల్లలకి ఇప్పుడే చెప్పండి.